పాత ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్ పెట్టాలి? మీకు సరిపడే డిస్ట్రోని ఎంచుకునే పద్ధతి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పట్నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "ల్యాప్‌టాప్ బాగానే ఉంది, విండోస్ 11 మాత్రం ఎక్కదంటోంది. లినక్స్ పెట్టుకోమంటున్నారు. ఏ లినక్స్?" విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరందో ఆ తర్వాతదో అయి ఉండాలి. అందుకే 2014లోనో 2016లోనో కొన్న మంచి మంచి ల్యాప్‌టాప్‌లు కూడా బీరువా పైకెక్కే పరిస్థితి వచ్చింది.

లినక్స్ అంటే విండోస్ బదులు వేసుకోగలిగిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఏ లినక్స్ అని అడిగిన వెంటనే నేను పేరు చెప్పను. మూడు సంగతులు అడుగుతాను. మీ దగ్గరున్న మెషిన్ ఏది? దాని ముందు కూర్చునేది ఎవరు? పాడైతే బాగుచేసేది ఎవరు? డిస్ట్రోల (లినక్స్ రకాల) పేర్లు ఆ తర్వాతే.

మూడో ప్రశ్న అడగాలని నాకు అనుభవం మీద తెలిసింది. మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఊళ్లో ఉంటారు, రోజూ పొద్దున్నే కాఫీ తాగి రెండు మూడు పేజీలు టైప్ చేస్తారు. ఆయన ల్యాప్‌టాప్‌లో నేను అప్పట్లో వాడుతున్న డిస్ట్రోనే వేసిచ్చాను. రోజూ కొత్త అప్‌డేట్లు వచ్చే రకం అది. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు ఆయన అప్‌డేట్ నొక్కి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుంటూ ఒక్కో అక్షరం ఫోన్లో చదివి వినిపించారు. అరగంట చదివారు. నేను దాన్ని సరిచేయలేకపోయాను. సంక్రాంతికి ఊరెళ్లేదాకా మూడు వారాలు ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకింకా బాధేసింది. ఆ డిస్ట్రోలో తప్పేం లేదు, అది తానే బాగుచేసుకోగలిగినవాళ్ల కోసం తయారైంది. దాన్ని ఆయనకి పెట్టడం నా తప్పు.

ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి ఆ తర్వాత అలవాటు చేసుకున్నదే.

డిస్ట్రో అంటే ఏమిటో నాలుగు ముక్కల్లో

లినక్స్ అనేది నిజానికి కెర్నల్ పేరు, అంటే మెషిన్‌ని లోపల్నుంచి నడిపించే గుండెకాయ లాంటి ప్రోగ్రాం. హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టాడు. కెర్నల్ ఒక్కటే ఉంటే మనం వాడుకోవడానికి ఏమీ ఉండదు. దానికి పనిముట్లు, డెస్క్‌టాప్, ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం, అప్‌డేట్లు పంపే ఏర్పాటు అన్నీ కలిపి ఇచ్చే మూటని డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా డిస్ట్రో అంటారు. అన్నం ఒకటే, ఒకరు పులిహోర కలుపుతారు, ఇంకొకరు దద్దోజనం.

వందల డిస్ట్రోలున్నాయని కంగారుపడొద్దు. ఎక్కువ శాతం నాలుగైదు కుటుంబాలకి చెందినవే. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ పెద్ద కుటుంబం (అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరు, తన పేరు కలిపి పెట్టాడు). 2004లో దాని నుంచి ఉబుంటు వచ్చింది. ఉబుంటు నుంచి 2006లో లినక్స్ మింట్ వచ్చింది. రెడ్ హ్యాట్ అనే కంపెనీ వైపు ఫెడోరా, రాకీ, ఆల్మా ఉన్నాయి. ఆర్చ్ ఒక కుటుంబం, సూసే ఒకటి. ఈ చుట్టరికం తెలిస్తే ఒక లాభముంది. ఉబుంటు కోసం ఎవరో రాసిన పరిష్కారం చాలాసార్లు మింట్‌లో కూడా పనిచేస్తుంది, ఫెడోరాలో చేయదు.

మొదటి పని: మెషిన్ వివరాలు రాసుకోండి

ల్యాప్‌టాప్‌లో విండోస్ ఇంకా ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ దగ్గరికెళ్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ హెచ్‌డీడీనా (పాత రకం హార్డ్‌డిస్క్) ఎస్‌ఎస్‌డీనా (వేగమైన కొత్త రకం), గ్రాఫిక్స్ ఎవరిది అన్నీ కనిపిస్తాయి. డివైజ్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై చిప్ పేరు ఉంటుంది. అది కూడా రాసుకోండి. ఇంటెల్ చిప్ అయితే మామూలుగా ఇబ్బంది రాదు. బ్రాడ్‌కామ్ అయితే విడిగా డ్రైవర్ వేయాల్సి రావచ్చు. రియల్‌టెక్ అయితే మోడల్‌ని బట్టి.

ర్యామ్‌ని బట్టి నా లెక్క ఇది. 8 జీబీ, ఆపైన ఉంటే ఏ డిస్ట్రో అయినా నడుస్తుంది, ఈ అంశం మీద ఇక ఆలోచించక్కర్లేదు. 4 జీబీ ఉంటే మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ఉన్న రకం, లేదా ఎంఎక్స్ లినక్స్. మింట్ 22కి కనీసం 2 జీబీ చాలనీ, హాయిగా వాడుకోవాలంటే 4 జీబీ ఉండాలనీ దాన్ని తయారుచేసేవాళ్లే చెబుతారు. 2 జీబీ మాత్రమే ఉంటే యాంటీఎక్స్ లాంటి తేలికవి చూడండి. కానీ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత తేలికదైనా బ్రౌజర్ బరువు తగ్గదు. 2 జీబీ మెషిన్‌లో పది ట్యాబ్‌లు తెరిచి హాయిగా పనిచేయగలమని ఎవరైనా చెబితే నమ్మకండి.

32 బిట్ మెషిన్ (బాగా పాత ప్రాసెసర్‌ది) ఉన్నవాళ్లకి దారులు బాగా మూసుకుపోయాయి. ఉబుంటు 17.10 నుంచే 32 బిట్ డెస్క్‌టాప్ ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. యాంటీఎక్స్ 23లో 32 బిట్ రకం ఉంది. అయితే కోర్ టూ డుయో కూడా 64 బిట్‌దే కాబట్టి చాలామందికి ఈ సమస్య రాదు.

ఇక్కడే ఇంకో మాట. మీ ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్క్ ఉంటే, డిస్ట్రో గురించి వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకునే బదులు ఒక ఎస్‌ఎస్‌డీ కొని వేయించండి. తేలిక డిస్ట్రోకీ బరువు డిస్ట్రోకీ మధ్య ఉన్న తేడా కంటే, హార్డ్‌డిస్క్‌కీ ఎస్‌ఎస్‌డీకీ మధ్య తేడా ఎన్నో రెట్లు ఎక్కువ. మా నాన్నగారి ల్యాప్‌టాప్ బతికింది ముందు దానివల్లే.

రెండో పని: చేసే పనుల జాబితా

ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఆ కంప్యూటర్ మీద నెల రోజుల్లో చేసే పనులన్నీ ఆ మూడింట్లో ఏదో ఒకదానిలో పడాలి.

బ్రౌజర్‌లో అయ్యేవి మొదటి గడిలో రాయండి. మెయిల్, యూట్యూబ్, బ్యాంకు సైటు, రైలు టికెట్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు. వీటికి ఏ లినక్స్ అయినా ఒకటే.

వేరే ప్రోగ్రాంతో అయ్యేవి రెండో గడిలోకి. వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రే‌ఆఫీస్. ఫొటోషాప్‌తో చిన్న చిన్న పనులైతే గింప్. కోరల్‌డ్రా బదులు ఇంక్‌స్కేప్. వీడియోలకి వీఎల్‌సీ ఉండనే ఉంది. వీటిని లినక్స్‌కి మారకముందే, విండోస్‌లోనే వేసుకుని ఒక నెల వాడి చూడండి. అన్నీ విండోస్‌లో కూడా ఉచితంగా దొరుకుతాయి. ఇబ్బంది ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

విండోస్ తప్ప గతి లేనివి మూడో గడిలోకి వస్తాయి. దీని దగ్గర మొహమాటపడొద్దు. ట్యాలీ విండోస్ ప్రోగ్రాం. జీఎస్టీ, టెండర్ల పనికి డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వాడుతుంటే, దాని డ్రైవరూ, ఆ పోర్టల్ అడిగే సంతకం ప్రోగ్రామూ లినక్స్‌లో పనిచేస్తాయో లేదో ముందే తేల్చుకోవాలి. ఎక్సెల్‌లో పెద్ద పెద్ద మాక్రోలు రాసుకున్నవాళ్లకి లిబ్రే‌ఆఫీస్ సరిపోకపోవచ్చు. వాలరెంట్ లాంటి కొన్ని ఆటలు వాటి యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాం) వల్ల లినక్స్‌లో అసలు నడవవు. ఇక మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది డీటీపీ. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో పనిచేసే సెంటర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షర పద్ధతివి) కావు, ఆ ఫైళ్లని వేరే చోట తెరిస్తే అక్షరాలన్నీ అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్ ఆయనకి లినక్స్ పెట్టుకోమని నేను ఎప్పుడూ చెప్పను.

మూడో గడిలో మీకు అన్నం పెట్టే పని ఒక్కటున్నా విండోస్‌ని తీసేయకండి. పక్కన ఉంచుకుని రెండూ వాడుకోవచ్చు. మూడో గడి ఖాళీగా ఉంటే మీకు దారి తెరిచినట్టే.

మూడో పని: అప్‌డేట్ల తీరు తేల్చుకోండి

డిస్ట్రోల మధ్య అసలు తేడా ఇక్కడుంది. వాల్‌పేపర్లలోనో మెనూలలోనో కాదు. ఎంపికలో ఎక్కువమంది చూడకుండా వదిలేసేదీ ఇదే.

నిదానంగా నడిచేవి ఒక రకం. డెబియన్ సుమారు రెండేళ్లకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది, ఒక్కో వెర్షన్‌కీ మొత్తమ్మీద ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఉబుంటులో సరి సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చేదాన్ని ఎల్‌టీఎస్ (లాంగ్ టర్మ్ సపోర్ట్, ఎక్కువకాలం మద్దతు) అంటారు, దానికీ ఐదేళ్లు. మధ్యలో ఆర్నెల్లకోసారి వచ్చేవాటికి తొమ్మిది నెలలే. ఇంటికి ఉబుంటు పెట్టేటప్పుడు పేరు పక్కన ఎల్‌టీఎస్ ఉందో లేదో చూసి దించుకోండి. ఈ ఒక్క తేడా తెలియక పొరపాటుపడినవాళ్లని చాలామందిని చూశాను. మింట్‌ని ఇప్పుడు ఉబుంటు ఎల్‌టీఎస్ మీదే కడతారు. మింట్ 22 వరసకి 2029 దాకా మద్దతుంది.

రెండో రకం ఫెడోరా లాంటివి. ఆర్నెల్లకి ఒకటి వస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలల మద్దతు. కాబట్టి ఏడాదికి ఒకసారైనా పెద్ద అప్‌గ్రేడ్ చేసుకోవాలి. అందుకు ఇష్టపడేవాళ్లకి ఫెడోరా చాలా శుభ్రమైన సిస్టమ్. ఈ మధ్యే కొన్న కొత్త ల్యాప్‌టాప్ అయితే దానికి కొత్త కెర్నల్ కావాలి, అప్పుడు డెబియన్ కంటే ఫెడోరానే సుఖం.

మూడో రకం రోలింగ్. ఆర్చ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ ఈ కోవలోవి. వెర్షన్లంటూ ఉండవు, కొత్తది ఏది వచ్చినా ప్రవాహంలా వస్తూనే ఉంటుంది. నేర్చుకోవడానికి ఆర్చ్ అంత మంచి బడి ఇంకోటి లేదు, దాని వికీ వేరే డిస్ట్రోలు వాడేవాళ్లు కూడా చదువుకుంటారు. కానీ అప్‌డేట్ చేసేముందు ఆ రోజు ప్రకటన చదివే ఓపిక ఉండాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి, చిన్న ఆఫీసుకి, రేపు ప్రాజెక్టు ఇవ్వాల్సిన విద్యార్థికి దీన్ని పెట్టకండి.

నిదానం డిస్ట్రోల్లో ప్రోగ్రాంలు పాతబడతాయన్న భయం ఇదివరకు నిజమే. ఇప్పుడు ఫ్లాట్‌పాక్ (ఏ డిస్ట్రోలోనైనా ప్రోగ్రాంలు వేసుకునే పద్ధతి) వచ్చాక చాలావరకు తీరింది. సిస్టమ్ పాతదిగానే ఉంచుకుని, కావాల్సిన రెండు మూడు ప్రోగ్రాంలు మాత్రం కొత్తవి వేసుకోవచ్చు.

నాలుగో పని: కళ్లకి కనిపించేది

డెస్క్‌టాప్ అంటే స్క్రీన్ మీద మెనూలు, కిటికీలు ఎలా ఉండాలన్నది. విండోస్ 7 అలవాటున్నవాళ్లకి మింట్‌లోని సినమన్ పరాయిగా అనిపించదు. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, అంతా తెలిసినట్టే ఉంటుంది. కేడీఈ ప్లాస్మాలో ఎన్నో మార్పులు చేసుకోవచ్చు. ఉబుంటు, ఫెడోరాల్లో వచ్చే గ్నోమ్ తీరు వేరు, వారం అలవాటుపడితే కొందరికి అదే నచ్చుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ సాదాగా, తేలిగ్గా ఉంటుంది. దీనిమీద ఎక్కువ తర్జనభర్జన వద్దు. దాదాపు ప్రతి పెద్ద డిస్ట్రోలో ఇవన్నీ దొరుకుతాయి, తర్వాతైనా మార్చుకోవచ్చు.

ఐదో పని: రెండే పేర్లు మిగుల్చుకోండి

పై కాగితాలు రెండూ ముందు పెట్టుకుంటే జాబితా దానంతటదే చిన్నదవుతుంది. నా అభిప్రాయాలు సూటిగా చెబుతాను.

ఇంట్లో పెద్దవాళ్లకి, మొదటిసారి మారుతున్నవాళ్లకి లినక్స్ మింట్. దీనికి నేను పెద్దగా ఆలోచించను. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకి ఉబుంటు ఎల్‌టీఎస్. పాఠాలు, ఇన్‌స్టాల్ చేసే సూచనలు ఎక్కువగా దాని పేరుమీదే ఉంటాయి, క్లౌడ్ సర్వర్లలోనూ అదే విస్తారంగా ఎదురవుతుంది. ఏళ్ల తరబడి కదపకుండా నడవాల్సిన మెషిన్‌కి డెబియన్. డెబియన్ 12 నుంచి వైఫై లాంటివాటికి కావాల్సిన ఫర్మ్‌వేర్ (ఆ చిప్‌లని నడిపించే చిన్న ప్రోగ్రాం) ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు, ఇదివరకటి తలనొప్పి తగ్గింది.

అమీర్‌పేటలో రెడ్ హ్యాట్ సర్టిఫికేషన్ కోసం కోచింగ్ తీసుకునే కుర్రాళ్లు ఉబుంటులో సాధన చేసి పరీక్షలో తికమకపడుతుంటారు. వాళ్లు రాకీ లినక్స్‌నో ఆల్మా లినక్స్‌నో వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాంలో) వేసుకోవాలి. రెండూ రెడ్ హ్యాట్ పద్ధతిలోనే నడుస్తాయి, ఉచితం. సెంట్‌ఓఎస్ 7లో చేయమని పాత నోట్సులో ఉంటే పక్కన పెట్టండి, దాని మద్దతు 2024 జూన్ 30తో అయిపోయింది.

ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లల్లో కాళీ లినక్స్ మోజు ఎక్కువ. హ్యాకింగ్ నేర్చుకోవాలన్న ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. కానీ కాళీ అనేది భద్రతా పరీక్షలు చేసే నిపుణుల పనిముట్ల పెట్టె. రోజూ వాడుకునే సిస్టమ్‌గానో లినక్స్ నేర్చుకోవడానికో అది తగదని తయారుచేసినవాళ్లే తమ పత్రాల్లో రాశారు. బాబూ, తల్లీ, ముందు ఉబుంటునో డెబియన్‌నో ఆరు నెలలు వాడండి. కాళీని వర్చువల్‌బాక్స్ అనే వర్చువల్ మెషిన్ ప్రోగ్రాంలో పెట్టుకోండి. అందులో ఏం పాడైనా మీ నోట్సు, మీ ఫొటోలు క్షేమంగా ఉంటాయి.

మన భాషల కోసం పుట్టినవీ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసే బాస్ లినక్స్ డెబియన్ మీద ఆధారపడింది, భారతీయ భాషలకి ప్రాధాన్యమిస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి ఎంతో కష్టపడింది. వీళ్లంటే నాకు గౌరవం. అయినా ఏ చిన్న డిస్ట్రోకైనా నేను పెట్టే పరీక్ష ఒకటే. చివరి విడుదల ఎప్పుడు? భద్రతా అప్‌డేట్లు ఈ నెలలో వచ్చాయా? పేరు ఎంత దగ్గరిదైనా ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరకకపోతే ఇంటి మెషిన్‌లో పెట్టకండి. తెలుగు రాయడానికి ప్రత్యేకమైన డిస్ట్రో అక్కర్లేదు, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

డిస్ట్రోవాచ్ సైట్‌లో ర్యాంకులు చూసి కొందరు ఎంచుకుంటారు. ఆ అంకెలు ఆ సైట్‌లో ఆ పేజీని ఎందరు తెరిచారన్నవే, ఎందరు వాడుతున్నారన్నవి కావు.

ఇక్కడ మళ్లీ ఆ మూడో ప్రశ్నకే వస్తాను. మీ ఇంట్లోనో, పక్క వీధిలోనో, కాలేజీలోనో లినక్స్ తెలిసినవాళ్లెవరు? వాళ్లు ఉబుంటు వాడుతుంటే మీరూ ఉబుంటు పెట్టుకోండి, ఫెడోరా అయితే ఫెడోరా. నేను ఇంతసేపు చెప్పిన తేడాల కంటే, అర్ధరాత్రి స్క్రీన్ రాకపోతే ఫోన్ ఎత్తే మనిషి ఉండటం ఎక్కువ. కేరళ ప్రభుత్వ బళ్లలో ఇన్నేళ్లుగా లినక్స్ నడుస్తోందంటే, ఉబుంటు మీద తమకోసం కట్టుకున్న సిస్టమ్‌తో పాటు, దాన్ని నేర్పి ఆదుకునే సంస్థ కైట్ రూపంలో వాళ్ల వెనక ఉంది.

ఆరో పని: ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడండి

మిగిలిన రెండు పేర్లనీ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. ల్యాప్‌టాప్‌లో ఉన్నదేదీ చెరిగిపోదు. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నవి ముందే వేరేచోట దాచుకోండి, ఎందుకంటే పెన్‌డ్రైవ్ మాత్రం మొత్తం చెరిగిపోతుంది. వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రాంతో దాన్ని సిద్ధం చేస్తే, ఆ తర్వాత దించుకున్న ఐఎస్ఓ ఫైళ్లని (డిస్ట్రో మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) మామూలు ఫైళ్లలాగే అందులోకి కాపీ చేస్తే చాలు. రెండు మూడు డిస్ట్రోలు ఒకే పెన్‌డ్రైవ్‌లో పడతాయి.

ఐఎస్ఓని ఆ డిస్ట్రో సొంత సైట్ నుంచే దించుకోండి. దించాక చెక్‌సమ్, అంటే ఫైలు మారలేదని తేల్చే అంకెల గుర్తు, సరిచూడండి. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 చూడొచ్చు, సైట్‌లో ఇచ్చిన దానితో కలవాలి. దీన్ని చాదస్తం అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌లోకే దొంగలు చొరబడి, నకిలీ ఐఎస్ఓకి లింకు పెట్టారు. పట్టుదలగలవాళ్లు చెక్‌సమ్‌తో పాటు సంతకం కూడా సరిచూసుకుంటే ఇంకా మంచిది.

బయాస్ (ల్యాప్‌టాప్ మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగులు) జోలికి వెళ్లేముందు ఇంకొక్కటి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) పెట్టి ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అది లేకుండా సెట్టింగులు మారిస్తే, విండోస్ మళ్లీ తెరిచేటప్పుడు ఆ కీ అడిగి ఆగిపోవచ్చు.

తర్వాత ల్యాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలవనిచ్చే బయాస్ సెట్టింగు) ఆన్‌లో ఉంటే వెంటాయ్ మొదటిసారి నీలం తెర మీద దాని కీ నమోదు చేసుకోమంటుంది. ఆ సూచనలు చదువుతూ చేసుకుంటూ పోతే సరిపోతుంది.

డెస్క్‌టాప్ రాగానే అందంగా ఉందని మురిసిపోకుండా వరసగా చూసుకుంటూ వెళ్లండి. వైఫై పట్టుకుందా? యూట్యూబ్ వీడియో పూర్తి తెర మీద ఆగకుండా నడుస్తోందా, సౌండ్ వస్తోందా? కెమెరా, మైకు? స్క్రీన్ వెలుగు పెంచే తగ్గించే మీటలు? టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ కదులుతోందా? మూత మూసి ఐదు నిమిషాలాగి తెరవండి, మళ్లీ లేచిందా? పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా తప్పేది ఈ మూత పరీక్షలోనే. ప్రింటర్ ఉంటే కలిపి ఒక పేజీ వేయండి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి ఆ సంస్థే ఇచ్చే డ్రైవర్ డిస్ట్రోల్లో దొరుకుతుంది. మిగతావాటికి మోడల్ నంబరుతో వెతకాలి.

వైఫై రాకపోతే అక్కడితో ఆపేయకండి. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేస్తుంది. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫైకి, ఎన్‌విడియా గ్రాఫిక్స్‌కి కావాల్సిన డ్రైవర్లు ఉంటే అదే చూపిస్తుంది. మింట్‌లో ఈ పని చాలా సులువు.

వేగాన్ని మాత్రం ఇప్పుడే తూచకండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు ఏదైనా నెమ్మదిగానే ఉంటుంది.

ఏడో పని: తెలుగు పరీక్ష

ఇంగ్లీషులో రాసిన సలహాల్లో దొరకని మెట్టు ఇది. మనం సొంతంగా చేసుకోవాల్సిందే.

కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్లు ఉన్నచోట తెలుగు చేర్చండి. అక్కడ మామూలు తెలుగు అని ఉండేది ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకి ప్రామాణిక కీబోర్డు) పద్ధతిదే. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకి ఇంకేమీ వేయక్కర్లేదు, మా నాన్నగారికి రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దానితో పాటు ఎం17ఎన్ (భాషల లేఅవుట్ల కట్ట) వేసుకోవాలి. అందులో ఆర్‌టీఎస్ కూడా ఉంటుంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకున్న తెలుగువాళ్లు కూర్చిన పద్ధతి అది, పేరు కూడా ఆ యూనివర్సిటీదే. లేఖిని (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే సైటు) అలవాటున్నవాళ్లకి వెంటనే చేతికి వస్తుంది.

లిబ్రే‌ఆఫీస్ రైటర్ తెరిచి ఈ మాటలు కొట్టండి: శ్రీకృష్ణదేవరాయలు, స్వాతంత్ర్యం, జ్ఞాపకం, లక్ష్మి, ఋతువు. ఒత్తులు కిందకి సరిగ్గా దిగాయా, త్ర్య విడిపోకుండా ఉందా చూడండి. తర్వాత "హైదరాబాద్‌లో" అని కొట్టండి. ద కింద ల ఒత్తు పడి "హైదరాబాద్లో" అయిందా, పొల్లు నిలబడిందా? పొల్లు నిలవాలంటే మధ్యలో కనిపించని ఒక అక్షరం పడాలి. అది మీ పద్ధతిలో ఏ మీటతో పడుతుందో ఇప్పుడే తెలుసుకోండి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటలు రోజుకి పదిసార్లు రాస్తాం కదా. బ్రౌజర్‌లో, ఫైలు పేర్లలో కూడా ఇదే చేసి చూడండి.

అక్షరాలు నచ్చకపోతే డిస్ట్రోని మార్చకండి, ఫాంట్ మార్చండి. నోటో, లోహిత్ తెలుగు ఫాంట్లు దాదాపు అన్నింట్లో దొరుకుతాయి. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీగా వేసుకోవచ్చు. నాన్నగారు పోతనే కావాలన్నారు. అచ్చుపుస్తకం చదువుతున్నట్టు ఉంటుందట.

ఎనిమిదో పని: వేసేయండి

అన్ని పరీక్షలూ నెగ్గినదాన్ని ఇన్‌స్టాల్ చేయండి. ముందు ఫొటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ని ల్యాప్‌టాప్ నుంచి తీసి పక్కన పెట్టండి. విండోస్‌ని ఉంచుకునేవాళ్లు విండోస్ లోపలి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చోటు ఖాళీ చేసి, ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ని త్వరగా తెరిచే సెట్టింగు) ఆపేసి, ఆ ఖాళీలో లినక్స్ వేయాలి. 50 జీబీ ఇస్తే మొదటికి చాలు.

వేసిన రోజే టైమ్‌షిఫ్ట్ అమర్చండి. మింట్‌లో ముందే ఉంటుంది. ఏదైనా అప్‌డేట్ చెడగొడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. మామూలుగా మీ సొంత ఫైళ్లని అది దాచదు, వాటికి విడిగా బ్యాకప్ ఉండాల్సిందే.

చివరగా ఒక చిన్న చీటీ రాసి ల్యాప్‌టాప్ అడుగున అంటించండి. డిస్ట్రో పేరు, వెర్షన్, మద్దతు ఏ సంవత్సరం దాకా, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. ఫోన్లో సాయం చేసేవాళ్లు మొదట అడిగేవి అవే. మా ఇంట్లో చీటీ మీద "మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ, 2029" అని నాన్నగారి గుండ్రటి దస్తూరీలో ఉంటుంది, దాని కింద నా నంబరు.